దివిసీమను కమ్ముతున్న ఉప్పునీరు

కృష్ణానది పాయల నడుమ, బంగాళాఖాతాన్ని ఆనుకొని ఉన్న దివిసీమలో కొరత నీటికి కాదు, మంచినీటికి. నాగాయలంక, కోడూరు మండలాల తీర గ్రామాల్లో బోరు వేస్తే ఉప్పునీరు పడటం సర్వసాధారణం. తాగునీటికి కాలువ నీటితో నింపుకొనే చెరువులే ఆధారం.

తేడా ఇదీ..

కిలో సముద్రపు నీటిలో సగటున 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. అందులో క్లోరైడు సుమారు 19 గ్రాములు, సోడియం 10.8 గ్రాములు. సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం ఆ తర్వాతివి. నదీజలాల్లో లవణాలు సాధారణంగా లీటరుకు ఒక గ్రాము కూడా ఉండవు. వాటిలో కాల్షియం, బైకార్బొనేట్లదే పెద్ద వాటా. సముద్రంలో చేరిన కాల్షియాన్ని జలచరాలు గుల్లలుగా మలచుకుంటాయి. సోడియం, క్లోరైడు మాత్రం నీటిలోనే పోగుపడుతూ వచ్చాయి.

రెండు శాతం చాలు

తాగునీటిలో లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడును భారత ప్రమాణాల సంస్థ ఆమోదయోగ్య పరిమితిగా పేర్కొంది. మరో నీటివనరు లేనిచోట వెయ్యి వరకు అనుమతించింది. మంచినీటిలో రెండు శాతం సముద్రపు నీరు కలిస్తేనే క్లోరైడు సుమారు 380 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఐదు శాతం కలిస్తే గరిష్ఠ పరిమితి అంచుకు చేరుతుంది.

ఉప్పునీరు మంచినీటికన్నా సుమారు 2.5 శాతం బరువు. అందువల్ల తీరభూగర్భంలో మంచినీరు దానిపై తేలుతుంది. సముద్రమట్టానికి ఎగువన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు ఉప్పునీరు రాకుండా అడ్డుకోగలదన్నది శాస్త్రీయ అంచనా. విచ్చలవిడిగా తోడితే ఆ లెక్క తలకిందులవుతుంది. ప్రకాశం బ్యారేజీ దిగువకు వేసవిలో ప్రవాహం నిలిచిపోతే పోటు నీరు నదీపాయల్లోకి ఎగదన్నుతుంది. రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క పొలాల్లోకి ఊరడం మరో బెడద.

సాగుకూ ముప్పే

సోడియం పేరుకొంటే నల్లరేగడి నేల గట్టిపడి నీరు ఇంకదు. జిప్సం వేసినా, ఆ సోడియాన్ని కడిగి పంపడానికి మంచినీరు, మురుగు పోయే దారి రెండూ అవసరం. 1977 నవంబరు ఉప్పెనలో సముద్రం దివిసీమ పొలాలను ముంచెత్తిన అనుభవం ఈ ప్రాంతానికి ఉంది. ఉప్పెన ఒక్క రోజులో వస్తుంది. భూగర్భంలోని ఉప్పు ఏళ్ల తరబడి, చప్పుడు లేకుండా వస్తుంది.

కాలువలు కట్టేలోగా చెరువులు నింపడం, మురుగు కాలువల ముఖద్వారాల వద్ద షట్టర్లు పనిచేసేలా చూడటం, బోర్లపై అదుపు, వేసవికి ముందూ తర్వాతా బావుల నీటి పరీక్షలు తక్షణ కర్తవ్యాలు. ఒకసారి ఉప్పుబారిన భూగర్భజలం తిరిగి తియ్యబడాలంటే ఏళ్లు పడుతుంది.