ఎత్తడానికి పిలిచే మనిషి

అమెరికా వచ్చిన కొత్తల్లో పెట్రోలు బంకులో నిలబడ్డామనీ, మోటెల్ గదులు శుభ్రం చేశామనీ మనవాళ్ళు తరవాత సభల్లో గర్వంగానే చెప్పుకుంటారు. సావనీర్లలో ఫోటోలతో సహా వేసుకుంటారు. ఆసుపత్రిలో నర్సింగ్ అసిస్టెంటుగా చేస్తున్నానని నలుగురిలో చెప్పే తెలుగు మగవాడు మాత్రం నాకింతవరకు తగల్లేదు. చేసేవాళ్ళు లేక కాదు. నాకు తెలిసినవాళ్ళే నలుగురున్నారు. ఒకాయన "హెల్త్‌కేర్‌లో ఉన్నానండీ" అని ఊరుకుంటాడు. అవతలివాళ్ళు సాఫ్ట్‌వేర్ అనుకుంటే అనుకోనిస్తాడు. నేనీ పనిలో 12 ఏళ్ళుగా ఉన్నాను. ఆయన్ని తప్పుపట్టను. ఆయన నోరు నొక్కినవాళ్ళతోనే నా పేచీ. వాళ్ళు కొందరు ఆసుపత్రిలో ఉన్నారు, కొందరు మన పాట్‌లక్కుల్లో ఉన్నారు.

ముందు పనేమిటో చెప్పాలి. ఇండియాలో చదివేవాళ్ళకి "వార్డుబాయ్" అన్న మాట తప్ప ఇంకేం తట్టకపోవచ్చు. మా డ్యూటీ పొద్దున 7 నుంచి రాత్రి 7 దాకా. బీపీ, పల్సు, టెంపరేచరు చూడడం, వేలు గుచ్చి షుగరు చూడడం, స్నానం చేయించడం, తినిపించడం, నడుముకి బెల్టు కట్టి పట్టుకుని నడిపించడం, ఎంత తాగారో ఎంత మూత్రం పోశారో కొలిచి రాయడం. పక్కలోనే అయిపోయినవాళ్ళని తుడిచి, బట్టలు మార్చి, దుప్పటి కప్పడం. కదల్లేనివాళ్ళని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పడం. తిప్పకపోతే పిరుదుల మీద పుండు పడుతుంది, అది ఎముక దాకా వెళ్ళగలదు. నర్సింగ్ హోముల్లో ఈ పని చేసేవాళ్ళకి కనీసం 75 గంటల శిక్షణ, ఆ పైన పరీక్ష ఉండాలని ఫెడరల్ ప్రభుత్వం 1987లో చట్టం చేసింది. చాలా రాష్ట్రాలు అంతకంటే ఎక్కువే అడుగుతాయి. పాసైనవాళ్ళ పేరు రాష్ట్రం రిజిస్టరులో ఎక్కుతుంది.

మా వార్డులో ఒక నర్సుకి ఐదారుగురు పేషంట్లయితే నాకు పది పన్నెండు మంది. అయినా వాళ్ళని ఎక్కువగా ముట్టుకునేది నేనే. నిన్న పెరుగు మొత్తం తిన్న ముసలావిడ ఇవాళ చెంచా తోసేస్తోందంటే ముందు తెలిసేది నాకు. నిన్నటిదాకా నన్ను పేరు పెట్టి పిలిచినాయన ఇవాళ వాళ్ళ తమ్ముడి పేరుతో పిలిస్తే, ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫెక్షన్ మొదలైందేమో చూడమని నర్సుకి చెప్పేది నేను. విన్న నర్సులున్నారు, వాళ్ళకి దండం పెడతాను. "సరేలే, ముందు ఆ 14వ గదిలో మనిషిని పైకి లాగుదువుగాని రా" అన్నవాళ్ళూ ఉన్నారు.

అదుగో, ఆ లాగడం దగ్గరే అసలు సంగతి ఉంది. ఈ దేశంలో నర్సింగ్ అసిస్టెంట్లలో పదింట సుమారు తొమ్మిది మంది ఆడవాళ్ళు. మిగిలిన ఆ ఒక్క మగవాడు మెడలో అదే బ్యాడ్జీ వేసుకుని ఇంకో ఉద్యోగం కూడా చేస్తాడు. ఆ చివర గదిలో బరువైన పేషంటు మంచం కిందకి జారితే వాణ్ణి పిలు. తాగొచ్చినవాడు చెయ్యి విసురుతున్నాడా, వాణ్ణి పిలు. మతి తప్పినాయన సెలైన్ గొట్టాలు పీక్కుంటున్నాడా, రాత్రంతా వాణ్ణే పక్కన కూచోబెట్టు. దీనికి వేరే జీతం లేదు. నేను అక్కడ ఎత్తుతుండగా ఇక్కడ నా పన్నెండు మందిలో ముగ్గురు బెల్లు నొక్కుతుంటారు. ఆ బెల్లు ఆలస్యమైందన్న మాట మళ్ళీ నా పేరు మీదే పడుతుంది.

మనుషుల్ని చేతులతో ఎత్తడానికి హద్దు 35 పౌండ్లని ఈ దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పరిశోధకులు 2007లోనే తేల్చారు. 35 పౌండ్లంటే 16 కిలోలు. లావుపాటి మనిషి కాలు ఒక్కటే అంత ఉంటుంది. అందుకే ఎత్తే యంత్రాలు కనిపెట్టారు. మా దగ్గరా ఉన్నాయి, స్టోరు గదిలో. ఒకదానికి చార్జింగు ఉండదు, ఇంకోదానికి గుడ్డ ఊయల కనపడదు. అది వెతకడం కన్నా "మగాడున్నాడుగా" అనడం తేలిక. పని వల్ల దెబ్బలు తగిలే ఉద్యోగాల లెక్క కార్మిక శాఖ తీసినప్పుడల్లా నర్సింగ్ అసిస్టెంట్లు పైవరసలోనే ఉంటారు. "నువ్వు డ్యూటీలో ఉంటే మాకు ధైర్యం" అని మెచ్చుకుంటారు. నన్ను క్రేను కింద లెక్కగట్టే మెప్పు నాకక్కర్లేదు.

ఇక అనుమానం సంగతి. ఆడ పేషంటు మగవాడు వద్దంటే అది ఆవిడ హక్కు, అందులో నాకు రవ్వంత కష్టం లేదు. మా అమ్మయినా అదే అంటుంది. కానీ ఆ మాట ముందే అడిగి కనుక్కోవలసింది ఆసుపత్రి. అడగరు. నేను నీళ్ళ బేసినుతో లోపలికి వెళ్ళేదాకా ఆగి, ఆవిడ ఉలిక్కిపడి దుప్పటి లాక్కున్నాక, నన్ను బయటికి రమ్మంటారు. ఆవిడకీ అవమానమే, నాకూ అవమానమే. అదే మగ పేషంటుని "మీకు ఆడమనిషి స్నానం చేయిస్తే ఫర్వాలేదా" అని అడగ్గా నేను వినలేదు. మగవాడికి సిగ్గుండదని ఎవరు చెప్పారు వీళ్ళకి?

అమ్మానాన్నల్ని విజిటర్ వీసా మీద పిలిపించుకునేవాళ్ళు ఇది కాస్త శ్రద్ధగా చదవండి. (గుర్తుపట్టే వివరాలు రాయను. చట్టమూ ఒప్పుకోదు, మర్యాదా కాదు.) ఒక తెలుగు పెద్దాయన మా వార్డులో పొద్దుటి నుంచీ మూత్రం బిగబట్టుకుని పడుకున్నాడు. నేను తెలుగులో పలకరించేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ అమ్మాయి నా మనవరాలి ఈడు బాబూ, డబ్బా పెట్టమని ఎలా అడగను?" అన్నాడు. సాయంత్రం కొడుకు వచ్చాడు. "అరె, మీరు తెలుగువారా! ఏ స్పెషాలిటీ అండీ?" అన్నాడు. నర్సింగ్ అసిస్టెంటునన్నాను. "ఓహో" అని ఫోను తీసుకున్నాడు. నేనున్నంతసేపూ మళ్ళీ తల ఎత్తలేదు.

ఆడవాళ్ళ వృత్తుల్లోకి వచ్చిన మగవాళ్ళు ఇట్టే పైకి పోతారని ఒక వాదన ఉంది. క్రిస్టీన్ విలియమ్స్ అనే సోషియాలజిస్టు 1992లో దానికి గాజు ఎస్కలేటరని పేరు పెట్టింది. మగ నర్సులు ఆడ నర్సుల కన్నా ఏడాదికి 5 వేల డాలర్లు పైగా ఎక్కువ తీసుకుంటున్నారని 2015లో జామా పత్రికలో వచ్చింది. నిజమే, ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనదే. కానీ అది నర్సుల మాట. అసిస్టెంటుకి ఎస్కలేటరు కాదు కదా, మళ్ళీ కాలేజీకి వెళ్తే తప్ప మెట్లే లేవు. పైగా ఏడియా హార్వీ వింగ్‌ఫీల్డ్ 2009లో నల్లజాతి మగ నర్సులతో మాట్లాడి, ఆ ఎస్కలేటరు రంగు చూసి ఎక్కించుకుంటుందని రాసింది. వాళ్ళని పేషంట్లు నౌకర్లనుకుంటారట. నన్నూ చెత్తబుట్ట తియ్యమంటారు. తీస్తాను. చెత్త తీసేవాడు లేకపోతే ఆసుపత్రి ఒక్క పూట నడవదు.

మనవాళ్ళ దగ్గరికొస్తే ఇంకో ముడి ఉంది. ఓ పాట్‌లక్కులో ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "ఏమీ అనుకోకండి అన్నయ్యగారూ, మనవాళ్ళు చేసే పనేనా అది? రేపు అమ్మాయికి సంబంధాలొస్తే ఏం చెబుతారు?" అంది. ఆ "మనవాళ్ళు"లో తెలుగువాళ్ళందరూ లేరని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. మలమూత్రాలు ఎత్తే పని తరతరాలుగా ఎవరి నెత్తిన పెట్టామో, ఆ లెక్కే సూట్‌కేసులో పెట్టుకుని సముద్రం దాటి వచ్చాం. అమ్మాయి బయోడేటాలో నా ఉద్యోగం ఉన్నదున్నట్టే రాశామని చెప్పాను. ఆవిడ పులిహోర వైపు వెళ్ళిపోయింది.

ఆయుర్వేదం మా సొత్తని చంకలు గుద్దుకునేవాళ్ళం కదా, చరక సంహిత చికిత్సకి నాలుగు పాదాలని చెప్పింది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి పని తెలియాలి, చేతి నేర్పుండాలి, రోగి మీద ప్రేముండాలి, శుభ్రత ఉండాలి అంది. మరి మన సర్కారు ఆసుపత్రుల్లో ఎం.ఎన్.ఓ. అంటే ఏమిటో ఎంతమందికి తెలుసు? మేల్ నర్సింగ్ ఆర్డర్లీ. ఆ పేరులో నర్సింగ్ ఉంది. మనం మాత్రం యాభై ఏళ్ళవాణ్ణి కూడా బాయ్ అంటాం. స్ట్రెచర్ తొయ్యడానికి వంద అడిగాడని తిట్టుకుంటాం. అడగడం తప్పే, వెనకేసుకురాను. కానీ వాళ్ళలో చాలామంది ఏజెన్సీల కింద కాంట్రాక్టు మీద, చాలీచాలని జీతానికి చేస్తున్నారని, ఏ శిక్షణా ఇవ్వకుండా వార్డులోకి తోశారని ఎవరూ అడగరు.

2020లో న్యూయార్కులో సాయంత్రం ఏడింటికి జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. మా ఆసుపత్రి ముందు "హీరోలు ఇక్కడ పనిచేస్తారు" అని బ్యానరు కట్టారు, పిజ్జాలు పంపారు. పిజ్జా తిన్నాం. బ్యానరు వానకి చిరిగితే తీసేశారు.

డ్యూటీ మారేటప్పుడు నర్సుకి నర్సు ప్రతి పేషంటు సంగతీ వివరంగా చెబుతుంది. మాకు గది నంబర్ల కాగితం ఇస్తారు. ఎవరు నిన్న పడ్డారో, ఎవరికి మింగుడుపడదో, ఎవరు మగవాణ్ణి వద్దన్నారో, ఎవరు ఆడవాళ్ళకి సిగ్గుపడతారో అందులో ఉండదు. మాకూ పది నిమిషాలు ఇవ్వమనీ, చేరిన రోజే ప్రతి పేషంటునీ, ఆడైనా మగైనా, ఎవరు ముట్టుకుంటే ఇబ్బందో అడిగి రాయమనీ, ఎత్తే యంత్రాలు చార్జింగులో ఉన్నాయో లేదో రోజూ సంతకం పెట్టి చూడమనీ మా వార్డు అసిస్టెంట్లం పదకొండు మందిమి కాగితం రాసిచ్చాం. తొమ్మిది మంది ఆడవాళ్ళు, ఇద్దరం మగవాళ్ళం. పది నిమిషాల జీతం బడ్జెట్లో లేదని జవాబొచ్చింది. ఈసారి నడుం పట్టేసి సెలవు పెట్టినవాళ్ళ రోజులు లెక్కగట్టి, ఆ జీతమెంతో పక్కన రాసి మళ్ళీ ఇస్తున్నాం.