ఇటలీ వెళ్ళేవాడికి ఇటాలియన్ రావద్దా?

ఏటా ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు సభలో, ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "మన తెలుగు ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్!" 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్ళిన వెనిస్ వర్తకుడు నికొలో కాంటి అన్న మాటగా దాన్ని చెప్పుకుంటాం. చెప్పుకుని చప్పట్లు కొడతాం. కానీ ఆ చప్పట్లు కొట్టేవాళ్ళలో ఇటాలియన్‌లో నాలుగు వాక్యాలు విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? రెండో భాష వినకుండానే పోలిక భలేగా కుదిరిందని తేల్చేసుకున్నాం.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన సీనియర్లు కొందరు ఈమధ్య ఇటలీ బాట పడుతున్నారు. అమెరికా ఖర్చు చూసి, వీసా గొడవలు చూసి వెనక్కి తగ్గినవాళ్ళకు ఇటలీ ఆశగా కనిపిస్తోంది. అందులో అర్థం ఉంది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది. ఆదాయం తక్కువని కాగితాలతో చూపిస్తే ఫీజు బాగా తగ్గుతుంది. ఆ ప్రాంత ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్ కూడా దొరికితే బసకీ తిండికీ ఆసరా. మిలాన్, టొరినో పాలిటెక్నిక్‌లు, పాదువా, 1088లో మొదలైందని చెప్పే బొలోన్యా యూనివర్సిటీ, వీటన్నిట్లో ఇంగ్లీషులో చెప్పే మాస్టర్స్ కోర్సులు ఉన్నాయి.

మాది కురిచేడు. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే లైన్లో వినుకొండ దాటాక, దొనకొండకి ముందు వచ్చే స్టేషను. మా వైపు పిల్లవాణ్ణి విదేశం పంపడమంటే పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడమే. ఒక్క పంట పోతేనే ఏడాది తలకిందులయ్యే ఇళ్ళు మావి. అందుకని తక్కువ ఫీజు అన్న మాట మాకు చిన్నది కాదు. నేనూ ఫైనలియర్‌లో ఉన్నాను, నా లిస్టులోనూ ఇటలీ ఉంది. అయితే దాన్ని మనం చూసే పద్ధతి మీదే నా అభ్యంతరం. "కోర్సు ఇంగ్లీషులోనే కదా, ఇటాలియన్‌తో పనేంటి?" అంటున్నాం. ఇటలీకి వెళ్ళే తెలుగు విద్యార్థి ముందు ఆ భాషకు విద్యార్థి కావాలి, ఎమ్మెస్ తర్వాత అని నా అభిప్రాయం.

మొదట అవసరం సంగతి చూద్దాం. ఇంగ్లీషు క్లాస్‌రూము గుమ్మం దాకానే వస్తుంది. ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. దాని పేరు 'పెర్మెస్సో ది సొజ్జోర్నో'. ఆ ఫారాల కట్ట పోస్టాఫీసులో ఇస్తారు. ఆ తర్వాత వేలిముద్రలకి 'క్వెస్తూరా' అనే పోలీసు ఆఫీసుకి వెళ్ళాలి. ఇంటి అద్దె ఒప్పందం, డాక్టరు దగ్గర ఒంట్లో బాగోలేదని చెప్పడం, కరెంటు బిల్లు, అన్నీ ఇటాలియన్‌లోనే. స్టూడెంటు వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చని చట్టం చెబుతుంది. హోటల్లో ఆర్డరు తీసుకోవాలన్నా, దుకాణంలో నిలబడాలన్నా భాష రానివాడికి ఆ పని ఎవరిస్తారు?

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి ఏడాది వరకు అనుమతి దొరుకుతుంది. మెకానికల్ వాళ్ళకి అసలు విషయం అక్కడుంది. బొలోన్యా చుట్టుపక్కలే డుకాటి, ఫెరారీ, లంబోర్గీని ఉన్నాయి. అవి మనకి పోస్టర్ల మీద తెలుసు. అదే ప్రాంతంలో ప్యాకింగ్ మెషీన్లు చేసే కంపెనీలు ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావరకు మన పోస్టర్లకి ఎక్కనివే. ఇటలీ పరిశ్రమ ఎక్కువగా నిలబడింది చిన్నా చితకా, కుటుంబాలు నడిపే కంపెనీల మీద. షాప్‌ఫ్లోర్ మీద ఫోర్‌మన్‌తో ఇంగ్లీషులో మాట్లాడతానంటే కుదరదు. భాష రాకపోతే ఆ ఏడాది గడువు దరఖాస్తులతోనే గడిచిపోతుంది. ఆ లోపు ఊళ్ళో బ్యాంకు వడ్డీ ఆగదు.

సరే, నేర్చుకోవడం అంత కష్టమా? ఇక్కడే ఆ సభల చప్పట్లకి కాస్త పని పెట్టొచ్చు. మనం ఇటాలియన్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం, యాప్‌లన్నీ అలాగే ఉన్నాయి కాబట్టి. తెలుగు మీదుగా వెళ్తే దారి దగ్గర. నేను ఆరు నెలలుగా రోజూ ఓ అరగంట కూర్చుంటున్నాను, అందులో తెలిసిన సంగతులివి.

ఇటాలియన్‌లో త, ద మన త, ద లాంటివే, ఇంగ్లీషు ట, డ కావు. మాటలు చాలావరకు మనలాగే అచ్చుతో ముగుస్తాయి. ఒత్తులు ఉన్నాయి, అవి అర్థాన్ని మార్చేస్తాయి. మనకి కల వేరు, కల్ల వేరు. వాళ్ళకి 'పాల' అంటే పార, 'పల్లా' అంటే బంతి. 'పేన' అంటే బాధ, 'పెన్నా' అంటే కలం. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఈ ఒత్తు దగ్గర తడబడతారు. ఒకటో క్లాసులో ద్విత్వాక్షరాలు దిద్దిన మనకి అదో లెక్క కాదు. ఇక క్రియ చూడండి. 'వస్తాను' అంటే చాలు, 'నేను' అక్కర్లేదు. వాళ్ళూ అంతే: 'వేంగో' అంటే వస్తాను, 'వియేని' అంటే వస్తావు. ఎవరన్నది క్రియ చివరే చెప్పేస్తుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. మనం గౌరవానికి బహువచనం వాడితే, వాళ్ళు 'ఆమె' అని అర్థమొచ్చే 'లేయి' వాడతారు, ఎదుట ఉన్నది మగవాడైనా సరే. ఇంటి ఓనరుని మొదటి రోజే 'తూ' అంటే, మా ఊళ్ళో పెద్దాయన్ని నువ్వు అన్నట్టే ఉంటుంది.

అంతా పోలికేనని చెబితే మళ్ళీ సభల్లో మాట్లాడినట్టే అవుతుంది. బల్ల మగ, కుర్చీ ఆడ అంటారు వాళ్ళు, దాన్ని బట్టి విశేషణం కూడా మారుతుంది. పేరు ముందు పెట్టే ఆర్టికల్స్ రకరకాలు. మన వాక్యంలో క్రియ చివరికొస్తే వాళ్ళది మధ్యలో ఉంటుంది. వీటికి తెలుగు సాయం చెయ్యదు, కూర్చుని నేర్చుకోవాల్సిందే.

ఇంట్లో ఈ సంగతి చెబితే మా అమ్మ, "ఇంగ్లీషు నేర్చుకునేదానికే పదిహేనేళ్ళు పట్టె గదరా, మళ్ళా ఇంకోటి యాడ తెచ్చావు?" అంది. నవ్వొచ్చింది కానీ అందులో నిజముంది. ఇంగ్లీషుని మనం మార్కుల కోసం చదివాం, మాట్లాడటానికి కాదు. మా యాస విని హాస్టల్లో కొందరు నవ్విన రోజులు ఉన్నాయి, తెలుగులోనే. అందుకేనేమో ఇటలీ భాష చరిత్ర నాకు దగ్గరగా అనిపించింది. 1861లో ఇటలీ ఒకే రాజ్యమైనప్పుడు ఆ 'ఇటాలియన్' మాట్లాడగలిగినవాళ్ళు కొద్దిమందే. జనం ఇళ్ళలో వాళ్ళ వాళ్ళ ప్రాంతాల మాటలే. మన్‌జోనీ అనే రచయిత 1827లో తెచ్చిన తన నవలని ఫ్లోరెన్స్ జనం మాట్లాడే భాషలోకి మళ్ళీ తిరగరాశాడు. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి తిరగరాసిన సంగతి మనకి తెలుసు. 1960ల్లో మన్‌జీ అనే టీచరు టీవీలో పాఠాలు చెప్పి చదువురాని పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పాడు. ఇప్పటికీ నేపుల్స్ మాట వేరు, వెనిస్ మాట వేరు. యాసకి సిగ్గుపడే మనలాంటివాళ్ళు ఇది దగ్గర్నుంచి చూడాలి. సంస్కృతి అంటే పిజ్జా, పీసా గోపురం దగ్గర ఫొటో మాత్రమే కాదు కదా.

అటునుంచి వచ్చినవాళ్ళు ఏం చేశారో కూడా చూడండి. 1680లో పుట్టిన బెస్కీ అనే ఇటాలియన్ పాదిరీ తమిళ దేశానికి వచ్చి, తమిళం నేర్చి, 'తేంబావణి' అనే కావ్యం రాశాడు, నిఘంటువు కూర్చాడు. తమిళులు ఆయన్ని వీరమామునివర్ అంటారు. ఊదినే ఊరి తెస్సితోరి ఇటలీలోనే మన దేశ భాషలు చదివి, 1914లో వచ్చి, రాజస్థానీ సాహిత్యం మీద పనిచేసి, 1919లో బికనీర్‌లో కన్నుమూశాడు. వయసు 31. వాళ్ళు మన భాషల్లో మునిగారు. మనం వాళ్ళ దేశంలో రెండేళ్ళుండి 'గ్రాత్సియే' ఒక్కటీ నేర్చుకుని వస్తామా?

ఒక ఎదురువాదన ఉంది. ఇటలీలో ఉద్యోగాలు అంతంతమాత్రం, అక్కడి కుర్రాళ్ళే జర్మనీ పోతున్నారు, ఆ శ్రమ జర్మన్ మీద పెట్టొచ్చుగా అని. నిజమే, జర్మనీ వెళ్ళేవాడు జర్మన్ నేర్చుకోవాలి. నా మాట కూడా అదే. ఫీజు తక్కువని ఒక దేశం ఎంచుకుని, ఆ దేశం భాష వద్దనుకుంటే, మిగిల్చిన డబ్బు వేరే దారిలో పోతుంది.

భాష కోసమే వెళ్ళేవాళ్ళకీ చోటుంది. పెరూజా, సియెనా ఊళ్ళలో విదేశీయుల కోసమే యూనివర్సిటీలున్నాయి. పెరూజాలో ఈ కోర్సులు 1921 నుంచి నడుస్తున్నాయి. అక్కడ నెల రోజుల కోర్సులూ దొరుకుతాయి. పెరూజా వాళ్ళ చెలి, సియెనా వాళ్ళ చిల్స్ పరీక్షలకి గుర్తింపు ఉంది. అంతదూరం వెళ్ళేముందు హైదరాబాదు ఇఫ్లూలోనూ ఇటాలియన్ నేర్పుతారు. ఎమ్మెస్ క్లాసులు మొదలవకముందు ఒక నెల ఖర్చు భాషకి పెట్టినా అది దండగ కాదు, బీమా లాంటిది.

మన క్లబ్బుకి నా ప్రతిపాదన ఒకటే. ఈసారి ఆగస్టు సభకి ఉపన్యాసం తగ్గించి, ఒక నోటు పుస్తకం మొదలుపెడదాం. రోజూ పనికొచ్చే వెయ్యి ఇటాలియన్ మాటలు తెలుగు లిపిలో, పక్కన మనం నిజంగా వాడే తెలుగు అర్థం, ఒక చిన్న వాక్యం. పోస్టాఫీసు మాటలు ఒకరు, ఆస్పత్రి మాటలు ఒకరు, వర్క్‌షాపు మాటలు మెకానికల్ వాళ్ళు రాయండి. ఇప్పటికే అక్కడున్న సీనియర్లు తప్పులు దిద్దుతారు. వచ్చే బ్యాచ్‌లో విమానం ఎక్కేవాడి బ్యాగులో ఆవకాయ సీసాతో పాటు అది కూడా ఉండాలి. మొదటి యాభై మాటలు నేను రాసి పెట్టాను, మిగతావి పంచుకుందాం రండి.