విశ్వవిద్యాలయముల యోగ్యతాపరీక్ష

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 2023వ సంవత్సరమున న్యాక్ సంస్థవారి పరీక్షయందు నాలుగింటికి 3.74 అంకములను, 'ఏ డబుల్ ప్లస్' అను అత్యున్నత శ్రేణిని బడసినది. 1926లో జన్మించి కట్టమంచి రామలింగారెడ్డిగారి వంటి ఉపాధ్యక్షుని పోషణమున పెరిగిన విద్యాపీఠమున కీ గౌరవము లభించుట మాకు సంతోషదాయకము. అయితే ఇది గోడకు తగిలించి మరచిపోదగిన బిరుదము కాదు. దీనికి గడువు కలదు. గడువు తీరినంతనే మరల పరీక్షకు నిలువవలసినదే.

1994లో బెంగుళూరున నెలకొల్పబడిన యీ సంస్థ విశ్వవిద్యాలయములను ఏడు విషయములందు శోధించి వేయి మార్కులకు లెక్కగట్టుచు వచ్చినది. అందు పరిశోధన, విస్తరణములకు 250, బోధనకు 200, పాఠ్యప్రణాళికకు 150. భవనములకును గ్రంథాలయములకును కలిపి నూరు మాత్రమే! పరీక్షకులు వచ్చుటకు ముందు గోడలకు సున్నము వేయించు అధికారు లీ లెక్కను గమనింతురు గాక.

శ్రేణి తగ్గిన నష్టమెవరికి? 2020 నాటి నిబంధనల ననుసరించి దూరవిద్య నడుపగోరు విశ్వవిద్యాలయము సాధారణముగా 3.01కి తక్కువ కాని అంకము కలిగియుండవలెను. విశాఖపట్టణమున 1972లో దూరవిద్య ఆరంభమైనది మొదలు పగలు కొలువు చేసి రాత్రి చదువుకొనిన గుమాస్తాలెందరు! అంకము జారినచో ముందుగా తలుపు మూయబడునది అట్టివారికే.

ప్రతివత్సరమును నాణ్యతా విభాగమువారు వార్షిక నివేదికను సమర్పింపవలెను. తరగతులెన్ని జరిగినవి, పరీక్షాఫలితములెప్పుడు వెలువడినవి, పరిశోధనలేమి సాగినవి అను వివరములు ఏనాటికానాడు వ్రాసియుంచినగాని అవి నిలువవు. గడువు సమీపించినప్పుడు పాత కాగితములు వెదకించుట, అధ్యాపకులను పాఠములు మాని పట్టికలు నింపుడనుట విద్యాపాలనము కానేరదు.

అసలు అధ్యాపకు లున్నగదా! మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో మూడువేలకు పైబడిన ఖాళీలను నింపుదుమని 2023లో ప్రకటనలు వెలువడినవి. నియామకములు మాత్రము నాడు పూర్తి కాలేదు. తాత్కాలికోపాధ్యాయుడు ఎంతటి విద్వాంసుడైనను, వచ్చు ఏడు తన కొలువుండునో లేదో యెరుగనివాడు పది సంవత్సరముల పరిశోధనకు పూనుకొనుటెట్లు? 250 మార్కులెచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసినది ఉపాధ్యక్షులు కారు, ప్రభుత్వమువారు.

పరీక్షించువారియెడలను మాకు నిస్సంశయమైన విశ్వాసము లేదు. 2025 ఫిబ్రవరిలో ఒక ప్రైవేటు విద్యాసంస్థ విషయమై లంచము పుచ్చుకొనిరను అభియోగముపై తనిఖీ సంఘ సభ్యులను సి.బి.ఐ. వారు నిర్బంధించిరి. నేరము నిర్ణయించుట న్యాయస్థానము పని. కాని అట్టి అనుమానము పుట్టిన పిమ్మట, న్యాయముగా శ్రేణి సంపాదించిన ప్రభుత్వ విద్యాపీఠములు సయితము లోకుల యెదుట సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుచున్నది.

కావున మా కోరిక యొక్కటి. ఆ వార్షిక నివేదికలను తెలుగున అచ్చొత్తించి మన పఠనమందిరములకు పంపుదురు గాక. పన్ను చెల్లించు తండ్రులును, రుసుము చెల్లించు విద్యార్థులును చదివి, వ్రాసినదానికిని జరిగినదానికిని గల భేదమును వారే చెప్పగలరు.