కర్రీ పాయింటా... సొంత వంటా?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గదుల్లో ఉండి కంప్యూటర్ కోర్సులు చేసే కుర్రాళ్లు అన్నం వండుకుంటారు, కూర మాత్రం కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకుంటారు. లైనక్స్ దగ్గరా ఇదే తంతు!

సర్వర్ ఆగిపోతే వెంటనే కబురు పంపే కాపలాదారు నాగియోస్. 1999లో నెట్‌సెయింట్ పేరుతో వచ్చింది, 2002లో పేరు మారింది. దీన్ని సోర్స్ కోడ్ నుంచి సొంతంగా కంపైల్ చేసుకోవచ్చు. లేదా ఉబుంటూలో 'ఆప్ట్' కమాండ్‌తో సిద్ధంగా ఉన్న ప్యాకేజీని దించుకోవచ్చు.

సొంత వంటలో సుఖం ఉంది. సరికొత్త వెర్షన్ దొరుకుతుంది, లోపల ఏముందో తెలుస్తుంది. మరి చిక్కెక్కడ? 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' లోపం బయటపడింది. ప్యాకేజీ వాడేవాళ్లకు సరిచేసిన కాపీ మామూలు అప్‌డేట్‌లోనే వచ్చేసింది. సొంతంగా కంపైల్ చేసుకున్నవాళ్లు గుర్తుపెట్టుకుని మళ్లీ మొదటి నుంచీ చేసుకోవాల్సి వచ్చింది. చేసినతను పంజాగుట్ట ఆఫీసు మానేసి గచ్చిబౌలిలో చేరిపోతే? ఆప్ట్ లెక్కల్లో అది ఉండదు కాబట్టి కొత్తగా వచ్చినతనికి ఆ సంగతే తెలియదు!

అందుకే, నేర్చుకునేటప్పుడు గదిలోని పాత కంప్యూటర్ మీద ఒక్కసారైనా సోర్స్ నుంచే ఎక్కించండి. ఇంటర్వ్యూలో తడబడరు. ఆఫీసు సర్వర్‌కు మాత్రం ప్యాకేజీయే మేలు. తప్పనిసరై సోర్స్ వాడితే వెర్షన్, ఆప్షన్లు ఓ చోట రాసిపెట్టండి.

వంట రావడం మంచిదే. అలాగని పెళ్లి భోజనాలు మనమే వండుతామా!