నలుబది దాటిన చేతికి బలము వచ్చునా?

నేతగానికి చేయియే ఆస్తి అని సభలలో అందరము చెప్పుదుము. ఆ ఆస్తికి మరమ్మతు చేయించుకొన్నవారు మాత్రము మాకు తెలిసినంతలో బహు అరుదు. మగ్గము పలక వంకర పోయిన వడ్రంగిని పిలుతుము. పన్నె పండ్లు వంగిన ఆ పూటే సరిచేయించెదము. మణికట్టు సన్నగిల్లిన మాత్రము "వయసు వచ్చినది, ఇక ఇంతే" అని ఊరకుందుము. ఈ మాట తప్పని చెప్పుటకే ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

ముందుగా మా సంగతి చెప్పవలెను. మాకిప్పుడు 47 ఏండ్లు. చిన్ననాటి నుండి మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టినవారమే గాని, సంఘము కార్యదర్శి పని నెత్తిన పడినప్పటి నుండి లెక్కల పుస్తకమే మా మగ్గమైనది. రెండేండ్ల క్రిందట ఆగస్టు 7న, జాతీయ చేనేత దినము నాడు, బడి పిల్లలు చూచుటకు ఒక మగ్గమును ఏర్పాటు చేసితిమి. నేయవలసిన సభ్యుడు రావడము ఆలస్యమైనందున, పిల్లలు ఎదురుచూచుచున్నారు గదా అని మేమే కూర్చుంటిమి. పావుగంట వరకు బాగుగనే జరిగినది. తరువాత కుడి మణికట్టులో సత్తువ జారిపోయినది. పిడిని లాగితిమి గాని ఆ లాగుటలో ఊపు లేదు. నాడె పడుగు నడిమధ్యనే నిలిచిపోయినది. అది చూచుకొనకుండ ఎడమ చేయి అలవాటు చొప్పున పలకను కొట్టినది. గుప్పెడు పోగులు తెగినవి.

అరువది దాటిన మా సభ్యుడొకరు ఏమియు అనక వచ్చి, పక్కన కూర్చుండి, ఒక్కొక్క పోగే ముడివేసెను. చివరి పోగు ముడి వేసిన తరువాత మాత్రము, "కార్యదర్శిగారూ, కలమునకు మణికట్టు అక్కరలేదు లెండి" అనెను. పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పని మానిన చేతికి బలము తగ్గుట వింత గాదు. కాని దినమును నేయువారికి కూడ ఏబదియవ ఏట పట్టు తగ్గుచున్నదేమి? ఇక్కడనే మనలో ఒక భ్రమ ఉన్నది. "దినమంతయు నేయుచున్నాము గదా, ఇంతకు మించిన వ్యాయామమేమున్నది?" అందురు. ఒక లెక్క చూడుడు. అంగుళమునకు 60 పేకల చొప్పున అయిదున్నర మీటర్ల చీర నేయుటకు నాడె దాదాపు 13,000 సార్లు పోవలెను. అన్నిసార్లు కుడి మణికట్టు ఒకే తీరున లాగవలెను, ఎడమ చేయి ఒకే తీరున పలకను కొట్టవలెను. ప్రతి లాగుటలోను ఉన్న బరువు స్వల్పము. స్వల్పమైన బరువును వేలసార్లు కదిలించిన ఓర్పు వచ్చును. బలము పెరుగుటకు కావలసినది వేరు. కొంచెము కష్టమనిపించు బరువు, తక్కువ సార్లు, ఆపై విశ్రాంతి. మగ్గము మనకు మొదటిదానిని ఇచ్చును గాని రెండవదానిని ఇయ్యదు. విశ్రాంతి సంగతి చెప్పనే అక్కరలేదు. చీరకు ఇంత అని కూలి కట్టుకొన్నవాడు చేయి నొచ్చినదని ఎప్పుడు ఆగును?

ఇంకొక సంగతి గలదు. ఇది చదువుచున్నవారు ఇప్పుడే చేసి చూడవచ్చును. మణికట్టును లోపలికి పూర్తిగా వంచి పిడికిలి బిగించుడు. బిగియదు. అదే మణికట్టును కొంచెము వెనుకకు ఎత్తి బిగించుడు. పిడికిలి రాయి వలె అగును. వ్రేళ్ళను ముడుచు కండలు ముంజేతి లోపలి వైపున ఉన్నవి. పిడికిలి బిగించునప్పుడు మణికట్టు ముందుకు వాలిపోకుండ నిలబెట్టునవి ముంజేతి పైవైపు కండలు. మన పని అంతయు పట్టుట, లాగుట, బిగించుట. చేతిని తెరచుట, వెనుకకు ఎత్తుట అను పని బరువుతో చేయు సందర్భము మగ్గముపై దాదాపు లేదు. కనుక లోపలి కండలు అరిగి, పైవైపు కండలు సోమరులై, పట్టు సడలుచున్నది. పూర్వము నాడెను రెండు చేతులతో మార్చి మార్చి విసరుచుండిరి. 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిన తాడు పద్ధతి మన గుంట మగ్గములకు చేరిన తరువాత నేత వేగము పెరిగినది నిజమే, కాని నాడె భారమంతయు కుడి మణికట్టు మీదనే పడినది.

ఇక వయసు మాట. మనిషి పట్టు ముప్పదులలో నిండుగ నుండి, ఏబది దాటిన పిదప తగ్గుట ప్రకృతి. తగ్గుట ప్రకృతియే గాని, తిరిగి పెంచలేమనుట పొరపాటు. 1990లో అమెరికాలోని బోస్టను నగరమున, వృద్ధుల ఆశ్రమములో ఉన్న 90 ఏండ్ల ప్రాయము గల పదిమంది చేత వైద్యులు ఎనిమిది వారములు బరువులతో తొడల సాధన చేయించిరి. చివరి వరకు నిలిచిన తొమ్మిదిమంది కాళ్ళ బలము సగటున 174 శాతము పెరిగినది. తొంబది ఏండ్లవారి కాలికి వచ్చిన బలము ఏబది ఏండ్ల నేతగాని చేతికి రాదా?

చేతిపట్టు మగ్గమునకు మాత్రమే సంబంధించినది గూడ కాదు. 17 దేశములలో దాదాపు 1,40,000 మంది పట్టును పరికరముతో కొలిచి, కొన్నేండ్లు వారి ఆరోగ్యమును గమనించిన పరిశోధన ఫలితములు 2015లో లాన్సెట్ అను వైద్య పత్రికలో వచ్చినవి. పట్టు 5 కిలోలు తగ్గిన కొలది మరణపు ముప్పు 16 శాతము చొప్పున హెచ్చుగ కనబడినది. ఆ పరిశోధనలో మన బెంగుళూరు సెయింట్ జాన్స్ సంస్థ కూడ పాలుపంచుకొన్నది. పట్టు తగ్గుటయే చావునకు కారణమని దీని అర్థము కాదు. దేహము మొత్తము స్థితిని చేయి ముందుగా చెప్పుచున్నదని మాత్రము గ్రహింపవలెను.

బలసాధన మన నగరమునకు క్రొత్త గాదు. పేటలోని గరడి మనెలలో మట్టి త్రొక్కి గదలు త్రిప్పిన తరములున్నవి. జె.సి. రోడ్డులో వ్యాయామశాల నడిపిన కె.వి. అయ్యర్ గారు (1897–1980) సూర్యనమస్కారములను బరువుల సాధనతో కలిపి నేర్పిరి, దూరప్రాంతములవారికి తపాలా ద్వారా కూడ పాఠములు పంపిరి. కన్నడమున నవలలు వ్రాసినవారును ఆయనే. ఏనుగును ఎదపై ఎక్కించుకొన్న కోడి రామమూర్తిగారి ముచ్చటలు మన ఇండ్లలో వినని పిల్లవాడు ఒకప్పుడు లేడు. అయితే మనకు కావలసినది ఏనుగును మోయు బలము కాదు. సాయంకాలము అయిదు గంటలకు కూడ నాడె ఆవలి అంచు వరకు పోవలెను, అంతే.

దానికి డబ్బు పెట్టి పరికరములు కొననక్కరలేదు. మేము చేసినది చెప్పెదము. మూరెడు వెదురు ముక్కకు నడుమ ఒక బార తాడు కట్టి, తాడు చివర నీళ్ళ సీసా వ్రేలాడగట్టితిమి. చేతులు ముందుకు చాచి, దోనెకు బట్ట చుట్టినట్లు ఆ వెదురును త్రిప్పుచు సీసాను పైకి తెచ్చి, మరల అంతే నెమ్మదిగ దింపవలెను. దించుటలోనే అసలు పని ఉన్నది, జారవిడిచినచో ఫలము లేదు. మొదట అర లీటరు నీరు. అదియే మాకు మూడు సార్లకు ముంజేయి మండించినది, సిగ్గు విడిచి చెప్పుచున్నాము. రెండవది, ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి క్రిందికి ఉండునట్లు సీసాను పట్టి, మణికట్టును మాత్రము పైకి ఎత్తి దింపుట. సోమరి కండలకు పని చెప్పునది ఇదే. మూడవది, బియ్యపు డబ్బాలో ముడిచిన చేయి దూర్చి లోపలనే వ్రేళ్ళు విప్పుట. నాలుగవదిగా, ఇంటి పని ఒకటి చేపట్టితిమి. నీళ్ళ బిందెలను రెండు చేతుల పట్టుకొని నడచుట. ఇంటిలోనివారు దీనిని మాత్రము ఎంతో మెచ్చుకొనిరి.

వారమునకు రెండు మూడు దినములు చాలును, నడుమ ఒక దినమైన విడువవలెను. ఒక్కొక్కటి పది పదునైదు సార్లు, నేత ముగిసిన తరువాతనే. పదునైదు సులువైనప్పుడు మరికొన్ని నీళ్ళు పోయవలెను. ఉత్సాహముతో మొదటి వారమే రెండు లీటర్లు కట్టుకొన్నవాడు మూడవ వారమున మోచేయి పట్టుకొని కూర్చుండును. కండ త్వరగా బలియును, కండను ఎముకకు కట్టియుంచు స్నాయువు నెలల మీద గాని బలియదు. మాకు రెండు నెలలకు తేడా తెలిసినది. ఆరు నెలలకు మరల మగ్గముపై గంటసేపు నేసితిమి, పోగు తెగలేదు.

ఇంతవరకు మగవారి సంగతియే వ్రాసినందుకు మా ఇంటిలోనే ఆక్షేపణ వచ్చినది. న్యాయమైన ఆక్షేపణ. రాట్నము త్రిప్పి కండెలు చుట్టు చేయి ఎవరిది? పూర్వము రుబ్బురోలు, రోకలి ఆడవారి చేతులకు బరువు పని ఇచ్చెడివి. మిక్సీ వచ్చిన తరువాత ఆ బరువు పోయినది, రాట్నపు త్రిప్పుడు మాత్రము మిగిలినది. మేము పైన చెప్పినవన్నియు వారికిని వర్తించును. ఏ సంఘమును కండెలు చుట్టు తల్లి మణికట్టు గురించి ఒక తీర్మానమైన చేసినట్లు మేమెరుగము.

అయితే బలహీనత వేరు, జబ్బు వేరు. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు రాత్రి వేళ తిమ్మిరెక్కి నిద్ర లేపుచున్నచో, అది మణికట్టులోని ఇరుకు దారిలో నరము నొక్కుకొనుట కావచ్చును. ఆ దారిలో ఒక నరము, తొమ్మిది స్నాయువులు కలిసి పోవుచున్నవి. చక్కెర వ్యాధి, థైరాయిడు లోపము ఉన్నవారికి ఇది మరింత తరచు. బొటనవ్రేలి మొదటనున్న కండ పలుచబడినను, వస్తువులు చేతినుండి జారిపడుచున్నను, వెదురు ముక్క పక్కన పెట్టి వైద్యుని చూడవలెను. ఆలస్యము చేసిన నరము పూర్తిగ కోలుకొనకపోవచ్చును. మా సభ్యుడొకనికి ఒక ఆసుపత్రిలో చేయి పట్టి చూడకయే "మగ్గము మానుము" అని చెప్పి పంపిరి. ఆయన మానెను. ఇప్పుడొక అపార్టుమెంటు గేటు వద్ద రాత్రి కావలి. ఎనిమిది అంచుల డిజైను కంటిచూపుతో ఎత్తగల మనిషి రాకపోకల పుస్తకములో కార్ల నంబర్లు వ్రాయుచున్నాడు. మరొక వైద్యునికి చూపింపక ఊరకున్న తప్పు మా సంఘముది గూడ.

అందుచే చేతినే నిందింపక మగ్గమును కూడ పరీక్షింపవలెనని మా అభిప్రాయము. నాడె పెట్టె గరుకెక్కినను, తాడు పొడుగు సరిలేకున్నను, పలక అక్కరకు మించి బరువున్నను, ఆ లోపమును ప్రతి పేకకు మణికట్టే పూడ్చుచున్నది. సన్నని పిడికి గుడ్డ చుట్టి లావు చేసినంతనే కొందరికి నొప్పి తగ్గుట చూచితిమి. కూర్చుండు పలక ఎత్తు మార్చిన మోచేయి సరిగ నిలుచును. అరగంటకొకసారి రెండు నిమిషములు చేతులు విప్పుకొనుట వలన చీర ఆలస్యమగునని భయపడువారు, తెగిన పోగులు ముడివేయు సమయమును కూడ లెక్కవేసికొనవలెను. సంఘములు పట్టు కొలుచు పరికరమొకటి కొని, ఏటికి రెండు మారులు సభ్యులందరి చేతులను, కండెలు చుట్టు స్త్రీల చేతులను కూడ, కొలిచి వ్రాసి ఉంచవలెనని ప్రతిపాదించుచున్నాము. నూలు నిల్వకు పుస్తకమున్నది, చీరల నిల్వకు పుస్తకమున్నది. చేతుల నిల్వకు పుస్తకము లేదు.

వచ్చే సర్వసభ్య సమావేశములో ఈ ప్రతిపాదన పెట్టెదము. అంతవరకు మా వెదురు ముక్క కార్యాలయపు తలుపు వెనుక మేకునకు వ్రేలాడుచుండును. శనివారము సాయంకాలము నూలు తీసుకొనుటకు వచ్చువారు త్రిప్పి చూడవచ్చును. ఆనాడు పోగులు ముడివేసిన పెద్దాయన మొన్న వచ్చి, లీటరు నీటితో పండ్రెండు సార్లు త్రిప్పి వెళ్ళెను. మేమింకను తొమ్మిది వద్దనే ఉన్నాము.