మూట ఎవరిది? శిక్ష ఎవరికి?

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్ ప్రయాణమంటే ఒక ఇంటి ప్రయాణం కాదు, వాడకట్టు మొత్తం ప్రయాణం. రేపు బయలుదేరుతాడనగా ఈరోజు సాయంత్రం నుండే మంచం మీద సూట్‌కేస్ తెరిచి ఉంటుంది. ఒకరు సకినాల సంచి తెస్తారు. ఒకరు మామిడికాయ తొక్కు డబ్బా తెస్తారు. అక్కడ కూలి పనిలో నడుము నొప్పితో బాధపడుతున్న అన్నకు మాత్రలు పంపేవారు ఇంకొకరు. "గిది మావోనికి ఇయ్యి బిడ్డా, ఎయిర్‌పోర్టు బయటికే వచ్చి తీసుకపోతడు" అంటారు. కాదనడం మర్యాద కాదు. అక్కడే విప్పి చూడడం అంతకన్నా మర్యాద కాదు.

ఈ మర్యాద ఒక్కోసారి కొంప ముంచుతుంది. విదేశీ విమానాశ్రయాలలో మాదక ద్రవ్యాలతో పట్టుబడుతున్న యువతీయువకుల వార్తలు ఇటీవలి సంవత్సరాలలో తరచుగా వస్తున్నాయి. 2025 మే నెలలో కొద్ది రోజుల తేడాతో ఇద్దరు బ్రిటిష్ యువతులు, ఒకరు జార్జియా దేశంలో, ఒకరు శ్రీలంకలో, పెట్టెల నిండా గంజాయితో పట్టుబడ్డారు. ఒకరికి 18 ఏళ్లు, మరొకరికి 21. ఇద్దరూ బ్యాంకాక్ మీదుగా వచ్చినవారే. అదే బ్యాంకాక్ నుండి వచ్చిన గంజాయి మన శంషాబాద్‌లోనూ దొరుకుతున్నది. పట్టుబడిన ప్రతి ఒక్కరూ మొదట చెప్పే మాట ఒకటే: "ఇందులో ఏమున్నదో నాకు తెలియదు." ఆ మాట నిజమా, అబద్ధమా అని తేల్చడం దగ్గరే అసలు చిక్కు.

నిజమేనని తేలిన కేసు ఒకటి ఉన్నది. ముంబాయికి చెందిన యువ దంపతులు 2019 జులైలో ఖతార్ రాజధాని దోహాలో దిగారు. విహారయాత్రకు విమాన టికెట్లు, హోటలు ఖర్చు అంతా భర్త మేనత్త పెట్టుకున్నది. వారికి అది కానుక. భార్య అప్పటికే గర్భవతి. బయలుదేరే ముందు ఆ మేనత్త ఒక పొట్లం ఇచ్చి, ఇది జర్దా, అక్కడ తెలిసినవారికి ఇవ్వాలి అని చెప్పింది. దోహా విమానాశ్రయంలో సామాను తనిఖీ చేస్తే 4.1 కిలోల హషీష్, అంటే మనవారు చరస్ అనే సరుకు, బయటపడింది. అక్కడి కోర్టు ఇద్దరికీ పదేళ్ల జైలుశిక్ష వేసింది. 2020 ఫిబ్రవరిలో ఆ తల్లి ఖైదులో ఉండగానే ఆడపిల్లను ప్రసవించింది.

ఇక్కడ ముంబాయిలో ఆ అమ్మాయి తండ్రి మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పొట్లం ఇచ్చింది ఎవరో, టికెట్లు కొన్నది ఎవరో, ఫోనులో ఏం మాట్లాడారో అన్నీ పోగుచేసి నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోకు ఫిర్యాదు చేశాడు. బ్యూరో దర్యాప్తు చేసి 2020 అక్టోబరులో మేనత్తను, మరొక వ్యక్తిని అరెస్టు చేసింది. ఆ వివరాలు ప్రభుత్వం ద్వారా ఖతార్‌కు చేరాయి. 2021 ప్రారంభంలో అక్కడి పై కోర్టు కేసును తిరిగి విచారించమని ఆదేశించడం, తరువాత దంపతులు నిర్దోషులని తేలడం జరిగాయి. ఏప్రిల్ నెలలో వారు చంటిబిడ్డతో ముంబాయి చేరుకున్నారు. వారు చదువుకున్నవారు, నగరవాసులు, వెనుక తిరిగే తండ్రి ఉన్నవారు. అయినా ఇరవై ఒక్క నెలలు పట్టింది. నాలుగు అక్షరాలు రాని కూలీ అదే స్థితిలో ఉంటే అతని కోసం ఇక్కడ ఎవరు ఏ ఆఫీసు మెట్లు ఎక్కుతారు?

సొంత మేనత్త అలా చేయగలదా అని ఆశ్చర్యపోయేవారు షార్జా కేసు కూడా తెలుసుకోవాలి. 2023 ఏప్రిల్‌లో ముంబాయికి చెందిన ఒక యువ నటిని, ఏదో అంతర్జాతీయ వెబ్ సిరీస్‌లో వేషం ఉన్నదని నమ్మించి షార్జా పంపారు. అక్కడ చూపించాలంటూ చేతికి ఒక ట్రోఫీ ఇచ్చారు. దాని కడుపులో గంజాయి. ఆమె తల్లితో ఒక కుక్క విషయంలో తగవు పడిన బేకరీ యజమాని కక్షతో చేసిన పని ఇదని ముంబాయి పోలీసులు ఆరోపించి అతనిని అరెస్టు చేశారు. ఆమె దాదాపు నాలుగు వారాలు జైలులో ఉండి, ఆగస్టులో గాని ఇల్లు చేరలేదు. కుక్క తగాదాకే ఇంత పగ సాధించేవారు ఉన్నప్పుడు, గెట్టు తగాదాలు తరతరాలు నడిచే ఊళ్లలో ఎవరు ఇచ్చిన మూట ఎందుకు ఇచ్చారో ఆలోచించడం తప్పు కాదు.

అందరూ అమాయకులేనా?

కారు. ఈ సంగతి చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్లు అవుతుంది. 2013 ఆగస్టులో దక్షిణ అమెరికాలోని పెరూ దేశపు రాజధాని లిమాలో ఇద్దరు బ్రిటిష్ యువతులు పట్టుబడ్డారు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల ప్రాయం. తినుబండారాల పొట్లాలలో దాచిన కొకైన్ 11 కిలోల వరకు ఉన్నది. దుండగులు తుపాకులు చూపి బెదిరించి తమతో మోయించారని వారు చెప్పారు. స్వదేశంలో అయ్యో పాపం అన్నవారు చాలామంది. కొద్ది వారాలకే నేరం ఒప్పుకున్నారు. ఆరు సంవత్సరాల ఎనిమిది నెలల శిక్ష పడి, 2016లో ఇంటికి వెళ్లగలిగారు. ఇటువంటి ఒక అబద్ధం బయటపడిన తరువాత, నిజంగా తెలియక వచ్చినవారి మాట కూడా కస్టమ్స్ అధికారి చెవికి ఎక్కదు.

తెలిసి మోసినవారికీ, ఏమీ తెలియనివారికీ మధ్యన మరొక రకం ఉన్నారు. పెట్టెలో ఏదో తిరకాసు ఉన్నదని లోలోపల అనుమానం ఉంటుంది. అడిగితే నిజం చెబుతారేమో, చెబితే వచ్చే డబ్బు పోతుందేమో అని అడగరు. ఉచితంగా టికెట్, మూడు రోజుల హోటలు, చేతిలో కొంత నగదు ఇచ్చి ఒక పెట్టె మోయమన్నప్పుడు అది ధర్మకార్యం కాదని ఎవరికైనా తోచాలి. ఎక్కువ మంది ఈ రకంలోనే ఉంటారు. చట్టానికి తలనొప్పి తెచ్చేదీ ఈ రకమే.

సింగపూర్‌లో ఈ ప్రశ్న ఒకరి ప్రాణం మీదికి వచ్చింది. ఆ దేశంలో 1973 నాటి మాదక ద్రవ్యాల చట్టం ప్రకారం 15 గ్రాములకు మించి శుద్ధ హెరాయిన్ రవాణా చేస్తే మరణశిక్ష. 15 గ్రాములంటే మూడు నాలుగు చిన్న చెంచాల చక్కెర తూకం. ఎవరి వద్ద సరుకు దొరికితే వారికి దాని సంగతి తెలిసినట్లే చట్టం భావిస్తుంది. తెలియదని రుజువు చేసుకోవలసిన భారం పట్టుబడిన వానిదే. 2011లో నైజీరియా యువకుడొకడు డబ్బు కోసం ఒక సూట్‌కేస్ అక్కడికి తీసుకువెళ్లాడు. లోపలి గుడ్డ చాటున దాదాపు రెండు కిలోల మత్తు పదార్థం దాచి ఉన్నది. 2017లో మరణశిక్ష పడింది. అతనికి నిజంగా తెలియదని ప్రాసిక్యూషన్ కూడా ఒప్పుకున్నది. అయితే కావాలని కళ్లు మూసుకున్నాడని వాదించింది. కళ్లు మూసుకున్నాడనడానికి ముందు, చూడవలసినది ఒకటి ఉన్నదన్న అనుమానం అతనికి కలిగి ఉండాలి కదా అని అప్పీలు కోర్టు పరిశీలించి 2019లో అతనిని విడుదల చేసింది. అప్పటికి ఏడేళ్లు దాటింది.

అందరికీ ఆ అదృష్టం లేదు. తొడకు కట్టుకున్న దాదాపు 43 గ్రాముల హెరాయిన్‌తో 2009లో అదే సింగపూర్‌లో పట్టుబడిన మలేషియా తమిళ యువకుడిని, అతని తెలివితేటల స్థాయి తక్కువని వైద్యులు చెప్పినప్పటికీ, 2022 ఏప్రిల్‌లో ఉరి తీశారు. కేవలం మోసినవాడైతే, పెద్దవాళ్లను పట్టించడంలో అధికారులకు తోడ్పడితే, ఉరికి బదులు యావజ్జీవం వేయవచ్చునని 2012లో అక్కడి చట్టాన్ని సవరించారు. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని పెద్దవాళ్ల పేర్లు తెలిసేది ముఠాలో లోతుగా దిగినవాడికి. రోడ్డు మీద దొరికిన కూలివాడికి పేర్లు ఏం తెలుస్తాయి? ఎంత తక్కువ తెలిస్తే అంత తక్కువ దయ అన్నట్లు అవుతున్నది.

పరాయి దేశాల చట్టాలనే తప్పుపట్టి ప్రయోజనం లేదు. మన 1985 నాటి ఎన్.డి.పి.ఎస్. చట్టంలోనూ నిందితునికి నేర ఉద్దేశం ఉన్నట్లే కోర్టు భావించవలసి ఉంటుంది. లేదని నిరూపించుకోవలసినది నిందితుడే. ఇరవై కిలోలకు మించిన గంజాయికి పదేళ్ల నుండి ఇరవై ఏళ్ల వరకు కఠిన శిక్ష. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల నుండి సంచులు మోసి, నాలుగైదు వేల కూలికి ఆశపడి జైళ్లలో మగ్గుతున్న యువకులు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉన్నారు. శంషాబాద్‌లో 2021లో హెరాయిన్‌తో పట్టుబడినవారిలో ఆఫ్రికా దేశాల ప్రయాణికులు ఉన్నారు. వారి తల్లిదండ్రులకు మన జైలే పరాయి దేశపు జైలు.

ఒక తండ్రి చేసిన పని

2005 ఏప్రిల్ 17న ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో తొమ్మిది మంది ఆస్ట్రేలియా యువతీయువకులు పట్టుబడ్డారు. 18 నుండి 28 ఏళ్ల లోపు వారు. ఎనిమిది కిలోలకు పైగా హెరాయిన్. నలుగురు దానిని ఒంటికి కట్టుకుని విమానాశ్రయానికి వచ్చారు. ఈ తొమ్మిది మందీ తెలియక చేశారని అనడానికి లేదు. అయితే వారిలో ఒకరి తండ్రి, కొడుకు తప్పుదారిన పోతున్నాడని ముందే పసిగట్టి, తెలిసిన లాయరు ద్వారా పోలీసులకు కబురు చేశాడు. కొడుకును అక్కడే ఆపేస్తారని ఆయన ఆశ. ఆస్ట్రేలియా పోలీసులు ఆపలేదు. అప్పటికే మరణశిక్షను రద్దు చేసుకున్న దేశపు పోలీసులు, మరణశిక్ష అమలులో ఉన్న దేశపు పోలీసులకు సమాచారం పంపారు. ఆ కొడుక్కి మొదట యావజ్జీవం పడింది, అప్పీలులో అది మరణశిక్ష అయింది, 2011లో తిరిగి యావజ్జీవమయింది. ఆ అయిదారేళ్లు ఆ తండ్రి ఎలా నిద్రపోయాడో ఊహించుకోవలసిందే. ఆయన చేసినది తప్పని ఏ తండ్రీ అనలేడు.

ముఠా నాయకులుగా తేలిన ఆండ్రూ చాన్, మయూరన్ సుకుమారన్‌లను 2015 ఏప్రిల్ 29న కాల్చి చంపారు. పదేళ్ల జైలు జీవితంలో ఒకరు మత బోధకుడిగా, ఒకరు చిత్రకారుడిగా మారారు. నేరం చేసినది 2005 నాటి మనుషులు, చనిపోయినది 2015 నాటి మనుషులు. మిగిలినవారిలో ఒకరు జైలులో ఉండగానే జబ్బుతో మరణించారు, ఒకరు 2018లో విడుదలయ్యారు, చివరి అయిదుగురు 2024 డిసెంబరులో స్వదేశం చేరారు. ఇందరు బలి అయినా, ఆ హెరాయిన్ సొమ్ముతో మేడలు కట్టేవాడు ఎన్నడూ విమానం ఎక్కి పట్టుబడడు.

గల్ఫ్ విషయానికి వస్తే, మత్తు అని మనవారు కలలో కూడా అనుకోనివి అక్కడ నేరమవుతాయి. కోడికూరలో వేసే గసగసాలు ఎమిరేట్స్‌లో, సౌదీలో నిషిద్ధం. ఇక్కడ మందుల షాపులో నొప్పికి ఇచ్చే ట్రమడాల్ మాత్రలు, దగ్గుకు తాగే కోడీన్ సిరప్ అక్కడ కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి. డాక్టరు చీటీ, ముందస్తు అనుమతి లేకుండా పెట్టెలో పెట్టుకోరాదు. వేరొకరి కోసం అసలే తీసుకుపోరాదు. ఎమిరేట్స్ ప్రభుత్వం 2021లో చట్టాన్ని కొంత సడలించింది. గంజాయి అంశ కలిసిన తిండి పదార్థాలు సొంత వాడకానికి తెచ్చి మొదటిసారి పట్టుబడితే వాటిని స్వాధీనం చేసుకుని నాశనం చేయడంతో సరిపెట్టవచ్చు. రవాణాకు, అమ్మకానికి ఈ సడలింపు వర్తించదు. సౌదీలో మాదక ద్రవ్యాల నేరాలకు కొంతకాలం ఆగిన మరణశిక్షల అమలు 2022 నవంబరులో మళ్లీ మొదలయింది. అలా మరణించినవారిలో విదేశీయులు అనేకులు.

కాబట్టి ఇచ్చినవారి ఎదుటనే మూట విప్పాలి. తొక్కు డబ్బా అయితే గరిటె పెట్టి కలిపి చూడాలి. "నా మీద నమ్మకం లేదా?" అని బావమరిది అలిగితే అలగనివ్వాలి. నిజంగా సకినాలే పంపేవాడికి విప్పితే పోయేదేమీ లేదు. విమానాశ్రయంలో సామానుకు అంటించే చీటీ మీద ఉండేది ప్రయాణికుని పేరే గాని, మూట పంపినవారి పేరు కాదు. పంపినవారి పేరు, ఫోను నంబరు, వాట్సాప్‌లో వచ్చిన మాటలు ఇంటి దగ్గర ఒకరి వద్ద భద్రంగా ఉంచడం మంచిది. దోహా దంపతుల విషయంలో చివరకు అక్కరకు వచ్చినవి ఇటువంటి ఆధారాలే.

పట్టుబడిన తరువాత దారులు కొద్దిగానే ఉన్నాయి. భారత రాయబార కార్యాలయాలలో 2009 నుండి ఉన్న సంక్షేమ నిధి కింద లాయరు సాయం కోరవచ్చు. ఎమిరేట్స్‌తో 2011లో, ఖతార్‌తో 2015లో కుదిరిన ఒప్పందాల ప్రకారం, శిక్ష పడినవారు మిగిలిన కాలం మన దేశపు జైలులో గడపడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే అప్పీలు ఏదీ పెండింగులో ఉండరాదు, రెండు ప్రభుత్వాలూ ఒప్పుకోవాలి, ఖైదీ కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కనీసం ములాఖత్ రోజున తల్లి వచ్చి చూసే దూరంలోకి మనిషి వస్తాడు.