మంచం ఎవరికోసం?

ఆదివారం సాయంత్రం ఆరు దాటిందంటే రాజీవ్ రహదారికి కొత్త కళ వస్తుంది. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట... దారి పొడవునా కార్లూ బైకులూ శామీర్‌పేట వైపే. పొద్దంతా చెరువు గట్టు మీదో, జింకల పార్కులోనో గంతులేసిన పిల్లలకు ఆకలి. పెద్దలకూ ఆకలే, కాకపోతే పైకి చెప్పరు. దూరానికి రంగురంగుల బల్బులు, దగ్గరికొస్తే కాలుతున్న రొట్టె వాసన. ఇంకేముంది... దాబా!

లోపల సందడే సందడి. ఓ మూల మట్టి తందూరు. బొగ్గులు బాగా రాజుకుంటే దాని లోపలి వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. పిండి ముద్దను అరచేతుల్లో చరిచి లోపలి గోడకు అంటిస్తే చాలు, చూస్తుండగానే పొంగుతుంది. దాన్ని ఇనుప చువ్వతో లాగి పళ్లెంలో వేసేసరికి అవతలి నుంచి కేక... ‘ఆరో నంబరుకు నాలుగు రోటీ, ఒక దాల్ తడ్కా!’

వంటకాల పట్టీ చూస్తే దాబా తెలంగాణ కోడలై ఎంతకాలమైందో తెలిసిపోతుంది. తందూరీ రోటీ పక్కనే జొన్నరొట్టె. బటర్ చికెన్‌కు పోటీగా నాటుకోడి పులుసు, బోటీ వేపుడు. చేప తినేవాళ్లకు కొర్రమీను. అది తెలంగాణ రాష్ట్ర చేప కూడా. పుట్టిల్లు పంజాబే అయినా, కారం మాత్రం మనదే!

ఆ పుట్టింటికీ మనకూ దారి ఒక్కటే. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్లే పాత ఏడో నంబరు రోడ్డు 44గా మారింది. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సాగే ఈ రోడ్డే పంజాబ్‌లో లూథియానాను, హర్యానాలో పరాఠాల దాబాలకు పేరుపడ్డ ముర్తల్‌ను తాకుతుంది. అంటే మేడ్చల్‌లో రొట్టె తుంచుతున్నవారూ, ముర్తల్‌లో పరాఠా తుంచుతున్నవారూ ఒకే రోడ్డు పక్కన కూర్చున్నట్టే!

కొన్ని దాబాల్లో ఇప్పటికీ నులక మంచాలుంటాయి. పిల్లలు వాటి మీదే కూర్చుంటామని మారాం చేస్తారు. ‘తాతా, హోటల్లో మంచమెందుకు?’ అని మనవడు అడగనే అడుగుతాడు. ఒకప్పుడు లారీ నడిపిన తాత ఎవరైనా పక్కనుంటే జవాబు వెంటనే దొరుకుతుంది.

‘అది కూసునేతందుకు కాదు బిడ్డా, పండేతందుకు!’

రెండు రాత్రులు స్టీరింగ్ పట్టిన మనిషికి దాబాయే ఇల్లు. మంచానికి అడ్డంగా చెక్క పెడితే అదే బల్ల. చెక్క తీసేస్తే అదే పడక. డబ్బులు తిన్నదానికే, నిద్రకు కాదు. అర్ధరాత్రి రెండింటికైనా వేడి చాయ్. బోరింగు దగ్గర స్నానం. ఆ కాసేపటి కునుకు డ్రైవరును బతికించేది, రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్లనూ బతికించేది.

ఇప్పుడు చాలాచోట్ల మంచం మిగిలింది, నిద్ర పోయింది. సెలవు రోజున లారీ ఆపుదామంటే ముందున్న జాగా అంతా కార్లే. మంచం మీద ఫొటోలు దిగేవాళ్లే తప్ప నడుం వాల్చేవాళ్లు కనపడరు.

ఈ కథ మన దగ్గరే కాదు. గ్రీసు రాజధాని ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ కింద ప్లాకా అనే పాతపేట ఉంది. అక్కడి ‘తవెర్నా’లు కూడా మన దాబాల్లాంటివే. సందుల్లో బల్లలు, బుజూకీ వాయిద్యం, అందరూ కలిసి పంచుకునే చిన్న చిన్న పళ్లేలు. పేటలో వాళ్ల కోసం పుట్టిన ఇలాంటి తిండిళ్లకు యాత్రికులు పోటెత్తారు. ఇప్పుడు కాస్త తెలిసినవాళ్లు అక్కడ చెప్పే చిట్కా ఒక్కటే... ఊరివాళ్లు తింటున్న చోట తినండి!

ఆ చిట్కా ఇక్కడా పనికొస్తుంది. బల్బులు చూసి కాదు, పక్కన ఆగిన లారీలు చూసి దాబాను ఎంచుకోండి. రోజూ రోడ్డు మీదే తినే మనిషి నిన్నటి కూరను ఇట్టే పట్టేస్తాడు. గిరాకీ ఉన్నచోట పప్పు నిలవ ఉండదు, తందూరు చల్లారదు. ముందు రోటీ, పప్పు చెప్పి చూడండి. ఆ రెండూ బాగుంటే మిగతావీ బాగుంటాయి.

కారు నిలిపేటప్పుడు మాత్రం ఒక్క లారీకి చోటు వదలండి. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ పట్టేవాళ్లు మందు జోలికి వెళ్లకండి. కళ్లు మూతలు పడుతుంటే సిగ్గుపడకుండా ఓ పదిహేను నిమిషాలు ఆ మంచం మీదే వాలండి.

అది ఉన్నది అందుకేగా!